పాత జీపు కొండెక్కే కిటుకు

విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే దారిలో బొర్రా గుహలున్నాయి. గుహలు చూసిన యాత్రికులు చాలామంది, అక్కడికి దగ్గరలోనే ఉన్న కటికి జలపాతం కూడా చూడాలనుకుంటారు. కాని వాళ్ళు వచ్చిన కారు అంత దూరం పోదు. దారి పొడుగునా రాళ్ళు, వాన నీటికి కోసుకుపోయిన గాడులు, జారే మట్టి. అందుకని జీపు మాట్లాడుకుంటారు. వాటిలో పాత జీపును చూస్తే ఇది మనకంటే ముందు తానే కూలబడుతుందేమో అనిపిస్తుంది. అయినా అది మనుషుల్ని ఎక్కించుకుని, ఊగుతూ మూలుగుతూ, కొత్త కారు నిలిచిపోయిన చోటు దాటి పైకి వెళ్ళిపోతుంది.

ఎలా వెళ్ళగలుగుతోంది? "జీపు ఇంజను బలమైనది" అని మీలో చాలామంది అంటారు. లెక్క చూస్తే అది నిలవదు. 1941లో వచ్చిన విల్లీస్ జీపు ఇంజను సామర్థ్యం 60 అశ్వసామర్థ్యాలు. ఈ రోజు బజారులో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి అంతకంటే ఎక్కువే ఉంటుంది. మరి జీపులో ఉన్న కిటుకు బలంలో లేదన్నమాట. అది పట్టులో ఉంది.

బురద గట్టు మీద నడిచేటప్పుడు మీకు కాళ్ళల్లో బలం లేక జారరు. పాదానికీ నేలకూ మధ్య ఘర్షణ చాలక జారుతారు. చక్రానికీ అంతే. చక్రం తిరుగుతూ నేలను వెనక్కు నెడుతుంది. నేల చక్రాన్ని ముందుకు నెడుతుంది. నేల ఎంతవరకు నెట్టగలదన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి, చక్రం మీద పడే బరువు. రెండు, నేలకూ టైరుకూ మధ్య ఉన్న ఘర్షణ గుణకం. ఈ హద్దు దాటి ఇంజను ఎంత బలం పంపినా చక్రం ఉన్నచోటే తిరుగుతుంది, బండి కదలదు.

ఒక లెక్క వేద్దాం. బలాన్ని న్యూటన్లలో చెప్పాలని మీ పాఠ్యపుస్తకం అంటుంది; ఇక్కడ తేలికగా ఉండేందుకు కిలోల బరువుతోనే పోలుద్దాం. బండి బరువు 1200 కిలోలు. సగం ముందు చక్రాల మీద, సగం వెనక చక్రాల మీద ఉందనుకుందాం. తడిమట్టి మీద ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. వెనక చక్రాలు మాత్రమే తిరిగే బండికి దొరికే ఈడ్పు 600 × 0.3, అంటే 180 కిలోలు. నాలుగు చక్రాలూ తిరిగితే 1200 × 0.3, అంటే 360 కిలోలు. ఇప్పుడు 5 మీటర్లు ముందుకు పోతే 1 మీటరు ఎత్తు పెరిగే ఏటవాలు వచ్చింది. అక్కడ బండి బరువులో అయిదో వంతు, అంటే 240 కిలోలు, బండిని వెనక్కు లాగుతూ ఉంటుంది. 180 చాలదు. 360 చాలుతుంది. ఇంజను రెండింటిలోనూ ఒకటే కావచ్చు. ఒకటి కింద ఉండిపోయింది, ఇంకొకటి ఎక్కింది.

నాలుగు చక్రాల బండి అసలు రహస్యం ఇంతే. బండి తన బరువునంతటినీ పట్టుగా మార్చుకుంటుంది.

ఇలాంటి బండి అవసరం పెద్ద ఎత్తున వచ్చింది రెండో ప్రపంచ యుద్ధంలో. 1940లో అమెరికా సైన్యం ఒక తేలికపాటి నాలుగు చక్రాల చోదక బండి కావాలని కంపెనీలను అడిగింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీరు సాయంతో మొదటి నమూనా తయారుచేసింది. కాని పెద్ద ఎత్తున ఉత్పత్తి చేసే పని విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు దక్కింది. యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. యుద్ధం అయ్యాక అదే బండి రైతుల చేతికి, సర్వే ఉద్యోగుల చేతికి వచ్చింది. 1946లో విల్లీస్ కంపెనీ జీపు ముఖానికి పూర్తి ఉక్కు బాడీ బిగించి స్టేషన్ వ్యాగన్ చేసింది. స్టేషన్ వ్యాగన్ అంటే వెనక సామాను చోటు మీదికి కూడా కప్పు సాగదీసిన పొడుగు బండి. 1949 నుంచి దానికీ నాలుగు చక్రాల చోదకం వచ్చింది. మన దేశంలో మహీంద్రా కంపెనీ 1940ల చివర విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడంతో మొదలుపెట్టి, ఆ వంశపు బండ్లను దశాబ్దాల పాటు తయారుచేసింది. మన కొండదారుల్లో ఇంకా తిరిగే పాత జీపుల్లో చాలా భాగం ఆ సంతతివే.

చిన్న గేరు కర్రలు

పాత జీపులో డ్రైవరు పక్కన కూర్చుంటే పెద్ద గేరు కర్ర పక్కన మరి రెండు పొట్టి కర్రలు కనబడతాయి. ఇవి ట్రాన్స్‌ఫర్ కేస్ అనే రెండో గేరుపెట్టెవి. ఇంజను శక్తి మొదటి గేరుపెట్టె గుండా దీనిలోకి వస్తుంది. ఇక్కడ నుంచి ఒక కడ్డీ వెనక ఇరుసుకు, ఒక కడ్డీ ముందు ఇరుసుకు పోతాయి. ఒక పొట్టి కర్ర ముందు ఇరుసును కలుపుతుంది, విడదీస్తుంది. రెండోది గేర్లను ఇంకా నెమ్మది చేస్తుంది.

ఎంత నెమ్మది? 1953లో వచ్చిన విల్లీస్ సీజే-3బీ జీపు తీసుకుందాం. మొదటి గేరులో ఇంజను సుమారు 2.8 చుట్లు తిరిగితే గేరుపెట్టె అవతలి కడ్డీ ఒక చుట్టు తిరుగుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌ను నెమ్మది గేరులో పెడితే ఇంకో 2.46 రెట్లు తగ్గుతుంది. ఇరుసులో ఉన్న పళ్ళ చక్రాలు ఇంకో 5.38 రెట్లు తగ్గిస్తాయి. మూడింటినీ గుణించండి. 37 వస్తుంది. ఇంజను 37 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 1000 చుట్లు తిరుగుతున్నప్పుడు చక్రం 27 చుట్లే తిరుగుతుంది. టైరు చుట్టుకొలత సుమారు 2.26 మీటర్లు. అంటే బండి నిమిషానికి 61 మీటర్లు, గంటకు మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు పోతుంది. మీ తాతగారు వాకింగుకు వెళ్తే దాన్ని దాటిపోవచ్చు.

వేగం తగ్గిన నిష్పత్తిలో మెలితిప్పే బలం పెరుగుతుంది. ఇది మీరు చదువుకున్న సులభయంత్రాల సూత్రమే. పళ్ళ చక్రాల ఘర్షణలో కొంత పోయినా, ఆ గేరులో ఈ ఇంజను ఇవ్వగల ఈడ్పు దాదాపు బండి బరువంత ఉంటుంది. ఇందాకటి తడిమట్టి ఇవ్వగలిగింది 360 కిలోలే అని గుర్తుంది గదా! అయితే అంత బలం ఎందుకు? రాతి మీద, పొడి గుట్టల మీద ఆ బలం కావాలి. మట్టి మీద మాత్రం దానివల్ల వచ్చే అసలు లాభం బలం కాదు, నెమ్మదితనం. జారకుండా పట్టుకుని ఉన్న టైరుకు దొరికే ఘర్షణ, జారుతున్న టైరుకు దొరికే దానికంటే ఎక్కువ. పైగా గిర్రున తిరిగే టైరు కింది మట్టిని తవ్వి వెనక్కు విసిరి, తన గోతిని తానే తీసుకుంటుంది. అందుకే బాగా నడిపేవాడు బురదలో ఇంజనును గర్జింపజేయడు. సినిమాల్లో చూపించేది వేరు.

కాడి చెప్పే పాఠం

నాలుగు చక్రాలు తిరిగే జీపు కూడా ఒక్కోసారి చిత్రంగా ఇరుక్కుంటుంది. ముందు కుడి చక్రం గాలిలో, వెనక ఎడమ చక్రం గోతిలో. ఆ రెండూ గిరగిర తిరుగుతుంటాయి. గట్టి నేల మీద ఉన్న మిగతా రెండు చక్రాలు మాత్రం కదలవు! పట్టు ఉన్న చక్రానికి బలం వెళ్ళదు, పట్టు లేనిదానికే వెళ్తుంది. ఇంత అన్యాయం ఎవరు చేశారు?

డిఫరెన్షియల్ అనే పళ్ళ చక్రాల పెట్టె చేసింది. ఇరుసు నడిమధ్య గుమ్మడికాయలా ఉబ్బి కనిపించేది అదే. అది లేకపోతే బండి సరిగా మలుపు తిరగలేదు. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం నడవాలి. రెండు చక్రాల మధ్య దూరం 1.2 మీటర్లనుకుంటే, ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి బయటి చక్రం సుమారు 7.5 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. చిన్న చుట్టైనా, పెద్ద చుట్టైనా ఆ తేడా అంతే. ఎందుకో వృత్త పరిధి సూత్రంతో మీరే రాబట్టండి. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి జారుతూ ఈడ్చుకుపోవాలి. డిఫరెన్షియల్ రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది. అయితే రెండింటికీ ఎప్పుడూ సమానమైన మెలితిప్పే బలమే ఇస్తుంది. చిక్కంతా ఇక్కడే.

ఎడ్లబండి కాడిని తలచుకోండి. కాడి నడిమి భాగం నొగ కొనకు కట్టి ఉంటుంది. రెండు కొనల దగ్గర రెండు ఎడ్లు. రెండూ సమంగా లాగినంతసేపు కాడి నిలకడగా ఉంటుంది. ఒక ఎద్దు కాలు జారి లాగడం మానేసిందనుకోండి. రెండో ఎద్దు ఎంత బలమైనదైనా లాభం లేదు. అది లాగితే కాడి ఆ పక్కకు తిరుగుతుందే తప్ప బండి ముందుకు రాదు. కాడి రెండు కొనల మీదా బలం సమానంగా ఉంటేనే బండికి అందుతుంది. ఒక కొనలో సున్నా అయితే రెండో కొనలోనూ సున్నాయే. డిఫరెన్షియల్ లోపల ఉండే చిన్న పళ్ళ చక్రం ఇలాంటి కాడే, కాకపోతే గుండ్రంగా తిరిగే కాడి.

ఆ కాడిని నొగకు కదలకుండా బిగించేస్తే? అప్పుడు జారిన ఎద్దును వదిలేసి నిలిచిన ఎద్దు ఒక్కటే బండిని లాగవచ్చు. యంత్రంలో ఇలా బిగించడాన్నే డిఫరెన్షియల్ లాక్ అంటారు. పల్లెల్లో ఉన్నవారు దీన్ని చూసే ఉంటారు. చాలా ట్రాక్టర్లలో డ్రైవరు కాలి దగ్గర ఒక చిన్న పెడలు ఉంటుంది. దమ్ము చేసేటప్పుడు ఒక పెద్ద చక్రం ఊరికే తిరగడం మొదలుపెడితే ఆ పెడలు నొక్కుతారు. రెండు చక్రాలూ ఒకటై ట్రాక్టరు బయటపడుతుంది. గట్టి నేల మీదికి రాగానే వదిలేయాలి. కొండదారుల కోసం జీపును మార్చేవాళ్ళు కొందరు ఇదే ఏర్పాటును జీపు ఇరుసులో పెట్టించుకుంటారు. నా మటుకు, జీపుకు చేసే మార్పులన్నిటిలోనూ పెట్టిన ఖర్చుకు తగ్గ పని చేసేది ఇదే అనిపిస్తుంది. కాని బయటికి కనబడదు కాబట్టి కుర్రకారు దీన్ని అంతగా మెచ్చరు.

ఇంకో చిన్న సంగతి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే పెద్ద వలయంలో నడుస్తాయి. పాత జీపులో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ లేదు. రెండూ బిగించి ఉంటాయి. మట్టి మీద టైర్లు కొద్దికొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటాయి. పొడి తారురోడ్డు మీద జారలేవు. తేడా అంతా కడ్డీల్లో, పళ్ళల్లో మెలికగా పేరుకుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది, గేరు కర్ర వెనక్కు రాదు, చివరికి ఏదో ఒకటి విరుగుతుంది. అందువల్ల తారురోడ్డెక్కగానే ముందు ఇరుసును విడదీయాలి. విడదీసినా ముందు చక్రాలు తమతోపాటు ఇరుసునూ కడ్డీనీ ఊరికే తిప్పుతూ పెట్రోలు తింటాయి. ఆ చక్రాలను ఇరుసు నుంచి పూర్తిగా వదిలించే హబ్బులను 1948లో అమెరికాలో ఆర్థర్ వార్న్ అనే ఆయన జీపుల కోసం అమ్మడం మొదలుపెట్టాడు. పాత జీపు ముందు చక్రం మధ్యలో చేత్తో తిప్పే బిళ్ళలాంటిది కనిపిస్తే, అది ఆ జాతి హబ్బేనని గుర్తుపట్టండి.

అరచెయ్యంత నేల

బండి మొత్తం నేలను తాకేది నాలుగు చోట్లే. ఎంత మేర? 1200 కిలోల బండిలో ఒక్కో టైరు మీద 300 కిలోలు. టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 2 కిలోలు ఉంటే, నేలను తాకే మేర సుమారు 150 చదరపు సెంటీమీటర్లు. వేళ్ళతో సహా ఒక అరచెయ్యంత అన్నమాట. గాలి సగం తీసేసి పీడనం 1కి దించితే, అదే బరువు మోయడానికి సుమారు 300 చదరపు సెంటీమీటర్లు కావాలి. టైరు చదునుగా పరుచుకుని ఆ మేర తెచ్చుకుంటుంది. ఇసుక మీద ఇది ప్రాణం పోసినట్టు పనిచేస్తుంది. ఒంటె పాదం ఎడారిలో దిగబడకపోవడానికీ, గేదె గిట్ట బురదలో దిగబడడానికీ తేడా ఇదే.

దీన్ని మీరు సైకిలుతో పరీక్షించవచ్చు. వెనక టైరు మీద కొంచెం చోట సిరా పూయండి. కింద గళ్ళ కాగితం పరిచి, మీ స్నేహితుణ్ణి సీటు మీద కూర్చోబెట్టి, బండిని నిటారుగా పట్టుకుని ఆ చోటు కాగితం మీద ఆనేలా దించండి. మరక ఎన్ని గళ్ళు ఆక్రమించిందో లెక్కపెట్టండి. కొంచెం గాలి తీసి మళ్ళీ చేయండి. సైకిలు షాపులో గాలి కొలిచే గేజి ఉంటే పీడనాన్ని వైశాల్యంతో గుణించి చూడండి. గాలి మారినా లబ్ధం ఇంచుమించు ఒకటిగానే వస్తుంది. కచ్చితంగా ఒకటే రాదు. టైరు రబ్బరు కూడా కొంత బరువు మోస్తుంది మరి.

ఇసుక దాటి రోడ్డెక్కాక గాలి తిరిగి నింపాలి. మెత్తబడిన టైరు ప్రతి చుట్టులోనూ నలుగుతుంది, నలిగి వేడెక్కుతుంది. ఆ వేడితో వేగంగా పోతే టైరు పగులుతుంది. అందుకే ఇసుకలో తిరిగే అలవాటున్నవాళ్ళు గాలి పంపు లేకుండా గాలి తీయరు.

ఒకటి మారిస్తే పది మారతాయి

ఇక పాత జీపును, పాత వ్యాగన్‌ను "మార్చే" సంగతి. మొదట చేసే పని పెద్ద టైర్లు వేయించడం. 28 అంగుళాల ఎత్తున్న టైరు తీసి 31 అంగుళాలది వేశారనుకోండి. ఇరుసు నేల నుంచి ఎంత పైకి లేచింది? 3 అంగుళాలు కాదు, ఒకటిన్నర. ఇరుసు టైరు మధ్యలో ఉంటుంది గదా. అయినా ఆ ఒకటిన్నర విలువైనదే. రాతికి తగిలేది ఎక్కువగా ఆ గుమ్మడికాయే. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే.

మూల్యం చూడండి. టైరు వ్యాసం 11 శాతం పెరిగింది. ఒక్కో చుట్టుకు బండి 11 శాతం ఎక్కువ దూరం పోతుంది కాబట్టి, ఈడ్పు బలం సుమారు పదో వంతు తగ్గుతుంది. వేగం చూపే ముల్లుకు ఈ సంగతి తెలియదు. అది 50 చూపిస్తుంటే బండి 55 మీద పోతుంటుంది. బ్రేకులు కూడా అంత మేర బలహీనపడతాయి. ఎందుకంటే బ్రేకు డ్రమ్ము పాతదే, దాన్ని తిప్పే చక్రం చెయ్యి మాత్రం పొడుగైంది.

పెద్ద టైరు మట్టిరేకుకు తగులుతుంది. అందుకని బాడీని పైకి లేపాలంటారు. దానికి చవకైన మార్గం కమాను కట్టలో అదనపు పట్టీలు వేయడం. బండి లేస్తుంది, చూడడానికి దర్జాగా ఉంటుంది. కాని కమాను బిరుసెక్కుతుంది. మెత్తని కమాను గోతిలో చక్రాన్ని కిందికి దించి నేల మీద ఆనిస్తుంది. బిరుసు కమాను దించదు, చక్రం గాలిలో వేలాడుతుంది. గాలిలో వేలాడే చక్రం ఏం చేస్తుందో కాడి పాఠంలో చూశాం. అంటే కొండెక్కడం కోసం చేసిన మార్పే కొండెక్కనివ్వకుండా చేస్తుంది! కమానును ఎంత లేపినా ఇరుసు మాత్రం ఒక్క వెంట్రుక కూడా లేవదని కూడా గమనించండి.

ఇంతటితో అవదు. గేరుపెట్టె పైకి పోయి ఇరుసు కిందే ఉండడంతో వాటిని కలిపే కడ్డీ ఏటవాలు పెరుగుతుంది. కడ్డీ కొనల దగ్గర ఉండే యూనివర్సల్ జాయింటు ఎక్కువ కోణంలో పనిచేస్తే, కడ్డీ ఒక చుట్టులోనే రెండుసార్లు వేగం పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. బండి అదురుతుంది, జాయింటు అరుగుతుంది. ఇరుసుకు పోయే బ్రేకు గొట్టం బిగుసుకుంటుంది. పొడుగైనది వేయించకపోతే పెద్ద గోతిలో తెగిపోవచ్చు. మంచి మెకానిక్ పెద్ద టైర్ల మాట ఎత్తగానే వీటన్నిటి గురించీ అడుగుతాడు. అడగనివాడి దగ్గర బండి వదలకూడదు.

చట్టం కూడా ఈ విషయంలో గట్టిగానే ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట మరింత స్పష్టంగా చెప్పింది. "ఇది నా బండి, నా ఇష్టం" అనే వాదన చెల్లదు. తరువాతి లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది.

కప్పు మీద అయిదుగురు

ఒక వస్తువు గరిమనాభి నుంచి కిందికి గీసిన నిట్టనిలువు గీత దాని ఆధారం లోపల పడినంతకాలం అది పడిపోదు. ఇది మీ పుస్తకంలో ఉంది. జీపు ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 122 సెంటీమీటర్లు. అందులో సగం 61. ఖాళీ జీపు గరిమనాభి నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. 61ని 60తో భాగిస్తే ఇంచుమించు 1. టాంజెంటు 1 అయ్యే కోణం 45 డిగ్రీలు. కాగితం మీద ఆ జీపు పక్కకు అంతవరకు ఒరిగినా తిరగబడదు. నిజంగా అయితే కమానులు, టైర్లు నలుగుతాయి కాబట్టి ఇంకా ముందే పడుతుంది.

ఇప్పుడు కప్పు మీద అయిదుగురు పెద్దవాళ్ళు ఎక్కారు. 300 కిలోలు. వాళ్ళ గరిమనాభి నేల నుంచి 180 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. మొత్తం గరిమనాభి ఎక్కడికి పోతుంది? (1200 × 60 + 300 × 180) ÷ 1500 = 84 సెంటీమీటర్లు. 61ని 84తో భాగిస్తే 0.73. కోణం 36 డిగ్రీలు. తొమ్మిది డిగ్రీలు పోయాయి. బాడీ లేపిన బండి అయితే, అసలే ఎత్తైన వ్యాగన్ అయితే, ఇంకా పోతాయి.

ఇంతకంటే భయపెట్టే సంగతి వేరే ఉంది. పొడి తారురోడ్డు మీద టైరు పట్టు బరువులో సుమారు 0.8 వంతు ఉంటుంది. మలుపులో వేగం మితిమీరితే ఖాళీ జీపుకు ఏమవుతుంది? తిరగబడడానికి బరువులో 1 వంతు పక్కబలం కావాలి, అంతకుముందే 0.8 దగ్గర టైర్లు జారుతాయి. బండి పక్కకు జారుతుంది, డ్రైవరుకు తెలుస్తుంది, వేగం తగ్గిస్తాడు. కప్పు మీద మనుషులున్న జీపుకు 0.73 చాలు. టైరు జారకముందే బండి తిరగబడుతుంది. ముందస్తు హెచ్చరిక ఉండదు. నిన్నటిదాకా అదే మలుపును అదే వేగంతో క్షేమంగా తిప్పిన డ్రైవరుకు, ఈ రోజు అదే వేగం ఎందుకు పనికిరాదో అర్థమయ్యే వ్యవధి కూడా ఉండదు. కొండ ఊళ్ళలో సంతరోజున జీపు కప్పు మీద, వెనక నిచ్చెన మీద మనుషులు వేలాడుతూ పోవడం మీరు చూసి ఉంటారు. మీరే ఎక్కి ఉంటారు కూడా. లోపల చోటు లేకపోతే తరువాతి జీపు కోసం ఆగండి.

నీళ్ళలో దిగినప్పుడు

వాగు దాటే జీపులకు కొందరు ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని కప్పుదాకా పైకి పెట్టిస్తారు. ఎందుకంటే ఇంజనుకు నీళ్ళు సరిపడవు. సిలిండరులోని గాలి పిస్టను నొక్కితే కుదించుకుంటుంది. నీళ్ళు కుదించుకోవు. లోపలికి నీళ్ళు పోతే పిస్టను దారి మధ్యలో గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. దాన్ని నెట్టే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఇంజను ఆ క్షణంతో సరి.

అయితే ఈ గొట్టం ఇంజనును కాపాడుతుంది గాని బండిని ప్రవాహం నుంచి కాపాడదు. ఆర్కిమెడీస్ సూత్రంతో చూడండి. తలుపులు మూసిన వ్యాగన్ అడుగుభాగం 3 మీటర్ల పొడుగు, 1.4 మీటర్ల వెడల్పు అనుకుందాం. నీళ్ళు అడుగుభాగాన్ని దాటి 10 సెంటీమీటర్లు పైకి వస్తే, పక్కకు తొలగిన నీరు 0.42 ఘనపు మీటర్లు, అంటే 420 కిలోలు. అంత బరువు చక్రాల మీద నుంచి తగ్గిపోతుంది. 30 సెంటీమీటర్లు వస్తే 1260 కిలోలు. వ్యాగన్ బరువు 1400 కిలోలైతే చక్రాల మీద మిగిలింది 140 కిలోలే. ఇప్పుడు నాలుగు చక్రాలు తిరిగినా, డిఫరెన్షియల్ బిగించినా, పట్టు ఎక్కడిది? బరువే లేదు గదా! మొదట వేసిన లెక్కలో 1200ను 0.3తో గుణించాం, ఇక్కడ 140ని గుణించాలి. అంతసేపూ ప్రవాహం పక్క నుంచి నెడుతూనే ఉంటుంది. తలుపుల సందుల్లోంచి నీళ్ళు లోపలికి చేరితే బండి మళ్ళీ కొంత బరువెక్కుతుంది. కాని అందుకు సమయం పడుతుంది; ఈలోగా బండి కాజువే మీది నుంచి పక్కకు పోతుంది. ప్రతి వానకాలంలోనూ మన వాగుల దగ్గర జరిగేది ఇదే. మోకాలు దాటిన పారే నీళ్ళలోకి దిగవద్దని పెద్దలు చెప్పడంలో ఎంత భౌతికశాస్త్రం ఉందో చూశారా?

నిలిచి ఉన్న లోతులేని నీటిని దాటినా ఒక పని మిగిలి ఉంటుంది. చాలాసేపు నడిచిన బండి ఇరుసు వేడిగా ఉంటుంది. 60 డిగ్రీల వేడి మీదున్న ఇరుసు 27 డిగ్రీల నీళ్ళలో దిగి చల్లబడితే, లోపలి గాలి చార్లెస్ నియమం ప్రకారం సుమారు పదో వంతు కుంచించుకోవాలి. ఆ ఖాళీని నింపడానికి ఇరుసు కొనల సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది. ఇరుసు మీద గాలి ఆడడానికి ఉండే చిన్న రంధ్రానికి రబ్బరు గొట్టం తగిలించి, దాని రెండో కొనను పైన ఇంజను దగ్గర కట్టేస్తే, నీళ్ళకు బదులు గాలి పోతుంది. జీపుకు చేసే మార్పుల్లో ఇది అన్నిటికంటే చవకైనది. రెండు మూడు మీటర్ల గొట్టం చాలు. అది లేని జీపు వాగు దాటి వస్తే, మర్నాడు మెకానిక్ ఇరుసు అడుగున ఉన్న బిరడా విప్పి ఆయిలు రంగు చూస్తాడు. నల్లగా ఉంటే బిరడా బిగించేస్తాడు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు పోయాయన్నమాట; ఆయిలంతా తీసేసి కొత్తది పోస్తాడు.